పడవల గది తాళం

చెరువు గట్టున ఉన్న ఆ పడవల గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏమీ అనిపించదు. సగం నేల మీద, సగం నీళ్ల మీద కట్టిన చెక్క గది. గట్టు వైపు ఒక తలుపు. నీళ్ల వైపు, పడవలు వచ్చిపోవడానికి పైకి లేపే చెక్క రెక్క. లోపల తెడ్లు, తాళ్లు, తుప్పు పట్టిన లాంతరు. అంతే. కానీ చీకటి పడ్డాక ఆ తలుపు పక్కగా ఎవరూ నడవరు. నడిస్తే — లోపలి నుంచి మూడుసార్లు తడతారు.

టక్… టక్… టక్.

తర్వాత కాసేపు ఏమీ ఉండదు. పోయిందిలే అనుకునేసరికి — మళ్లీ మూడు.

తట్టేది ఎవరంటే తలో మాట. అది పెద్దాయన మేనత్త, పడవలో పోతూ నీళ్లలోకి వంగి చూసి పడిపోయింది అంటుంది వంటావిడ. కాదు, ఆ పడవలు చేసిన వడ్రంగి, ఉలి లోపల మరిచిపోయాడు, దానికోసం వస్తాడు అంటాడు డ్రైవరు. ఉత్తరాలు తెచ్చే మనిషి మాత్రం ఏ కథా చెప్పడు. సాయంత్రం ఐదు దాటితే ఉత్తరాలు గేటు బయట రాయి కింద పెట్టి వెళ్లిపోతాడు. ఆయన చెప్పని కథకే అందరూ ఎక్కువ భయపడేవారు.

ఆ గది, ఆ చెరువు, ఆ వెనకున్న ఎండాకాలం ఇల్లు — అన్నీ గుండీల పెద్దాయనవి. చొక్కా గుండీలు చేసే ఫ్యాక్టరీ ఆయనది. చొక్కా ఎవరిదైనా గుండీ ఆయనదే అని జనం నవ్వుకునేంత ఫ్యాక్టరీ. ఆయనకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు కొడుకు. చిన్నది కూతురు, బుల్లమ్మ. యాభై మూడేళ్లు వచ్చినా, జుట్టు సగం తెల్లబడినా, ఇంట్లోవాళ్లకి ఆమె బుల్లమ్మే.

ఇది బుల్లమ్మకి జరిగింది.

పెద్దాయన పోయి మూడు వారాలైంది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఆయన ఈ చెరువు ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయనకి చాకిరీ చేసింది బుల్లమ్మే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లు కొన్నాళ్లకి అడగడం మానేశారు. ఆయన పోయిన రోజు ఆమె ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. చాలాసేపు కాలు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కుతుందే, గిల్లినా ఎవరి కాలో అన్నట్టు ఉంటుందే — మనసు అలా అయిపోయింది.

వీలునామా చదివారు. ఫ్యాక్టరీ, పట్నంలో మేడ కొడుక్కి. చెరువు ఇల్లు, చెరువుతో సహా, కూతురికి.

అన్నయ్యకి అది మింగుడుపడలేదు. టీషర్టులు వచ్చాక గుండీలకి రోజులు పోయాయి. ఆయన చేతికి వచ్చింది ఫ్యాక్టరీ పెంకు మాత్రమే, లోపల గుజ్జు లేదు. చెరువు ఇంటికి మాత్రం పెద్ద హోటలు వాళ్లు బేరం పెట్టారు. తూము ఎత్తి చెరువంతా ఖాళీ చేసి, పూడిక తీసి, అడుగున రాయి పరిచి, కొత్త నీళ్లు నింపి రంగు రంగుల పడవలు తిప్పుతారట. బుల్లమ్మ హక్కు వదులుకుంటున్నానని ఒక్క సంతకం పెడితే చాలు. పట్నంలో పైగది ఇస్తాను, బాల్కనీ ఉంది, లిఫ్టు ఉంది అని అన్నయ్య చెబుతూనే ఉన్నాడు.

బుల్లమ్మ ప్రతిసారీ ఒకే గొంతుతో, ఒకే మాట చెప్పింది. వద్దన్నయ్యా, నేనిక్కడే ఉంటాను.

ఆమెలో ఇంకా కదులుతున్నది ఆ ఒక్క మాటే. ఇల్లు పోతే ఇక ఆమెకంటూ ఏమీ మిగలదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, వదినకీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం హోటలు వాళ్లు వచ్చి గదులన్నీ కొలుచుకు వెళ్లారు. రాత్రి భోజనాల దగ్గర వదిన గ్లాసు కింద పెట్టి అంది —

"ఇంత ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావు? దెయ్యానికి తోడుంటావా?"

బుల్లమ్మ కంచం తీసుకుని లేచింది. పొద్దున పదింటికి లాయరు కాగితాలతో వస్తున్నాడు. అప్పుడు కూడా వద్దనే చెబుతుంది. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య మాటలుండవు. అంతే కదా అనుకుంది. బాధ కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు.

నిద్ర కూడా రాలేదు. పన్నెండు దాటాక లేచి, శాలువా కప్పుకుని, తోటలోంచి గట్టు మీదికి నడిచింది.

ఆ దారిలో రాత్రిపూట ఆమె నడవక ముప్పై ఒక్క ఏళ్లు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట, ఎండాకాలం మొదట్లో, నీళ్ల ఆఫీసు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఊరికి నీళ్లు చాలడం లేదు, ఏ చెరువులో ఎంత లోతుందో కొలవాలి. పెద్దాయన ఒప్పుకున్నాడు. రెండు నెలలు ఆ అబ్బాయి పడవలో కూర్చుని, తాడుకి సీసం ముద్ద కట్టి నీళ్లలోకి వదలడం, తాడు ఎంత తడిసిందో చూసి అంకె చెప్పడం. వంటింట్లో అతనికి లోతులబ్బాయి అని పేరు పెట్టారు. అతను చెప్పే అంకెలు పుస్తకంలో రాసే పని, ఎలా పడిందో ఏమో, బుల్లమ్మ మీద పడింది. అప్పుడామెకి ఇరవై రెండు.

మొదటి వారం అంకెలే. రెండో వారం అంకెల మధ్య మాటలు. మూడో వారానికి ఒకే చోట నాలుగుసార్లు లోతు చూసేవారు. ఒడ్డున ఉన్నవాళ్లు పని ఎంత శ్రద్ధగా చేస్తున్నారో అనుకున్నారు.

నీటి మీద మాట దూరం పోతుంది, గుసగుస కూడా అవతలి ఒడ్డున వినిపిస్తుంది అని అతనే నేర్పాడు. అందుకని చీకటి పడ్డాక చెరువు దగ్గర కలుసుకుంటే నోరు విప్పకూడదని ఒప్పందం. చేత్తో సైగలు, వేలితో అరచేతిలో రాతలు. అంతే.

పెద్దాయన ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు. అందుకని వేసవి చివర, అందరూ పట్నం వెళ్లిపోవడానికి ఇల్లు మూసే రాత్రి, పడవల గది దగ్గర కలుసుకుని తెల్లవారేలోగా మొదటి బస్సు ఎక్కాలనుకున్నారు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. లేకపోతే బుల్లమ్మ ఎందుకు అలా చేసిందో ఎవరికీ అర్థం కాదు.

అన్నయ్య ఆరేళ్లప్పుడు బట్టల బీరువాలో దూరి నిద్రపోయాడు. చూడకుండా తాళం వేసేశారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చెరువంతా గాలించారు. చివరికి బీరువాలోంచి తుమ్ము వినిపించింది. ఆ రోజు నుంచి పెద్దాయన ఒక నియమం పెట్టాడు. ఆ ఇంట్లో దేనికి తాళం వేసినా, వేసే ముందు "లోపల ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అడగాలి. అడిగి పది అంకెలు లెక్కపెట్టాలి. గదైనా, గొడౌనైనా, బియ్యం కొట్టైనా సరే. చుట్టాలు నవ్వేవారు. తోటమాలి తన పనిముట్ల పెట్టెని కూడా అడిగి మూసేవాడు. ఇల్లు మూసే రోజున ఒక్కొక్క గది తలుపు దగ్గరా ఆ ప్రశ్న వినిపిస్తూ ఉండేది.

అందుకని ఆ ఇంటి పిల్లలకి ఒక నమ్మకం ఎముకల్లోకి ఇంకిపోయింది — తాళం పడిన గదిలో మనిషి ఉండడు.

ఆ రాత్రి బుల్లమ్మ చిన్న సంచీ పట్టుకుని పిల్లిలా వచ్చింది. గట్టు మీద ఎవరూ లేరు. వెన్నెల ఉంది. పడవల గది తలుపుకి తాళం వేలాడుతోంది. ఇంకా రాలేదనుకుని తలుపు పక్కన నిలబడింది.

అప్పుడు — లోపలి నుంచి —

టక్… టక్… టక్.

తాళం వంక చూసింది. బయటి నుంచి వేసిన తాళం. లోపల… మళ్లీ మూడు. ఈసారి కొంచెం తొందరగా. సరిగ్గా ఆమె భుజం ఎత్తున.

సంచీతో సహా వెనక్కి పరిగెత్తింది.

కిటికీ దగ్గర తెల్లవార్లూ కూర్చుంది. అతను రాలేదు. తెల్లవారగానే కార్లు బయల్దేరాయి. లోతులబ్బాయి పని అయిపోయింది, వెళ్లిపోయాడు అని పెద్దాయన దారిలో ఎవరితోనో అంటుంటే విన్నది. ఉత్తరం రాలేదు. ఆ ఏడాది కాదు, మరే ఏడాదీ కాదు.

ఆ రాత్రి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రెండు విషయాలుగా దాచుకుంది. ఒకటి — అతను రాలేదు. రెండోది — దెయ్యం తట్టింది. రెండూ వేరువేరు గూళ్లలో పెట్టుకుని బతికింది.

ఇప్పుడు మళ్లీ అదే గట్టు. అదే తలుపు. మధ్యాహ్నం హోటలు వాళ్లు చూసి వెళ్లినప్పుడు తాళం వెయ్యలేదు కాబోలు, గొళ్లెం మాత్రం పెట్టి ఉంది.

గాలి లేచింది. చెరువు మీద ముడతలు…

టక్… టక్… టక్.

ఒంట్లో ఏదో కదలాలి కదా. కదల్లేదు. భయం కూడా ఆ తిమ్మిరిలోనే కూరుకుపోయినట్టుంది. పెద్దాయనని ఆఖరి రాత్రి చూసిన కళ్లకి ఇంకేం కనిపించినా ఒకటే. ఆమె గొళ్లెం తీసి తలుపు తోసింది.

చీకటి. నీళ్ల వాసన. మూల నుంచి — టక్.

శాలువా కొంగుతో లాంతరు తుడిచి, గూట్లో అగ్గిపెట్టె తడిమి వెలిగించింది. నీళ్ల మీద ఒక పడవ. నాచు తీయడానికి తోటమాలి వాడేది. ముక్కు దగ్గర తాడు కట్టి ఉంది. గాలి తోసినప్పుడు రెక్క కిందనుంచి అల వస్తుంది, పడవ వెళ్లి స్తంభానికి కొట్టుకుంటుంది. ఒకటి… రెండు… మూడు. మూడోసారికి తాడు బిగిసి పట్టేస్తుంది. తాడు వదులయ్యాక మళ్లీ మూడు.

చాలాసేపు చూసింది. లెక్క పెట్టింది. తప్పలేదు.

ఇదా. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదినీ వణికించింది ఇదా. మేనత్త లేదు, వడ్రంగి లేడు. నవ్వు రావాలి. పెదవులు కదిలాయి గానీ, నవ్వు రాలేదు.

బయటికి వచ్చేసరికి గట్టు చివర తోటమాలి గదిలో దీపం కనిపించింది. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్లు. రాత్రుళ్లు నిద్రపోయే వయసు దాటిపోయింది. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బుల్లమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"దెయ్యాన్ని చూసొచ్చాను బాబాయ్," అంది మెల్లగా. "మీ పడవే."

చెప్పింది — తాడు, స్తంభం, మూడు దెబ్బలు. ముసలాయన నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. ఇన్నేళ్లు దానిమీదే కూర్చుని నాచు తీశాను, రాత్రయితే దాన్ని చూసే భయపడి ముసుగు తన్నాను, నాకంటే ఆ చెక్కకే బుద్ధి ఎక్కువ అన్నాడు.

అలా అంటుంటే ఆమెకి చెప్పాలనిపించింది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి.

"నేను కూడా ఒకసారి విని పరిగెత్తాను. ఆ లోతులబ్బాయి వచ్చిన ఏడు. ఇప్పుడు తెలిసింది, పడవని చూసి పరిగెత్తానని."

తోటమాలి తల తిప్పాడు.

"ఎప్పుడమ్మా?"

"ఇల్లు మూసిన రాత్రి."

గదిలో దీపం చిటపటమంది. అటు నుంచి మళ్లీ ఆ చప్పుడు వచ్చింది — మూడు. ఆగింది.

"ఆ రాత్రి నీళ్లలో పడవ లేదమ్మా," అన్నాడు.

బుల్లమ్మ ఆయన వంక చూసింది.

ఇల్లు మూసే రోజున పడవలన్నీ ఒడ్డుకి లాగి గడ్డి మీద బోర్లిస్తారు. ఏటా అంతే. మళ్లీ వేసవి దాకా ముట్టుకోరు. ఆ సాయంత్రం మూడు పడవలు బోర్లించడం ఆమె కళ్లారా చూసింది. పుస్తకం చంకలో పెట్టుకుని, అక్కడే నిలబడి చూసింది. ఎలా మరిచిపోయింది…

"మరి ఎవరు తట్టారు?"

ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"పొద్దుగూకాక నాన్నగారు పిలిచారమ్మా. పడవల గదికి తాళం వెయ్యమన్నారు. సరే బాబూ, అడిగి వేస్తానన్నాను." ఆగాడు. "అడగొద్దన్నారు."

గాలి పడిపోయింది. చెరువు కదలడం లేదు.

వాళ్లిద్దరి సంగతి ఎవరు చేరవేశారో తెలియదు. పెద్దాయనకి తెలిసింది, అంతే. తోటమాలి తాళం పట్టుకుని వెళ్లేసరికి చెక్కల సందులోంచి అగ్గిపుల్ల వెలుగు కనిపించిందట. చూడనట్టు నటించి తాళం వేశాడు. తాళం పడిన చప్పుడు లోపలికి వినిపించే ఉంటుంది. అయినా ఒక్క కేక లేదు. అరిస్తే జనం పోగవుతారు, అమ్మాయిగారి పేరు బయటికొస్తుంది అని ఆ అబ్బాయి అనుకున్నాడేమో అన్నాడు ముసలాయన. పొద్దున్నే కార్లు వెళ్లాక తీసి పంపించెయ్యమని పెద్దాయన ఉత్తర్వు.

"తీశారా?"

"తీశానమ్మా."

"అతనేమన్నాడు?"

ముసలాయన ఇంకా చిన్న గొంతుతో అన్నాడు —

"లోపల ఎవరూ లేరు."

తలుపు తాళం వేసినట్టే ఉంది. నీళ్ల వైపు రెక్క దించినట్టే ఉంది, దాని బయటి వైపు గడియ కూడా వేసినట్టే ఉంది. ఒక్క దారి — నీళ్లలో మునిగి, రెక్క కిందనుంచి, చీకట్లో, అవతలికి పోవాలి. పోగలిగితే. అక్కడ అడుగంతా నాచు తీగ. మనిషి కాలు చిక్కితే విడిపించుకోవడం కష్టం.

పెద్దాయనకి కబురు పెడితే రాత్రికి రాత్రే ఒంటరిగా వెనక్కి వచ్చాడట. రెండు రోజులు ఇద్దరే పడవ వేసుకుని గడకర్రలతో వెతికారు. ఏమీ తగల్లేదు. ఆ తర్వాత అతని బసలో ఉన్న పెట్టెని ఎవరో వచ్చి తీసుకెళ్లారని తెలిసింది. అతనే వచ్చాడో, ఆఫీసు మనిషి వచ్చాడో, కనుక్కునే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. వెళ్లిపోయి ఉంటాడు అన్నాడు పెద్దాయన. ఆ మాటే ఇద్దరూ పట్టుకున్నారు.

"ఆ అబ్బాయికి ఈత వచ్చా అమ్మా?" అని అడిగాడు తోటమాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అడగాలనుకున్న ప్రశ్న అది. "మీకు తెలిసి ఉంటుందని…"

బుల్లమ్మ గుర్తు చేసుకుంది. నీలం గీతల చొక్కా గుర్తుంది. చెవి వెనక పెన్సిలు గుర్తుంది. అంకె చెప్పేముందు ఎడమ కన్ను చిట్లించడం గుర్తుంది. రెండు నెలలు నీళ్ల మీదే గడిపారు. అతను నీళ్లలోకి దిగాడా, ఒక్కసారైనా…

గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు లేదు.

ఈత వచ్చి ఉంటే — ఆ రాత్రి ఆమె వచ్చింది, విన్నది, పారిపోయింది అనుకుని, అవతలి ఒడ్డున లేచి తడిబట్టలతో నడిచిపోయాడు. ఎక్కడో బతికాడు. ఆమెని తలుచుకోకుండా బతికాడు. ఈత రాకపోతే… ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లూ ఆమె ఏ కిటికీ పక్కన కూర్చుని నాన్నకి మందులు పోసిందో, ఆ కిటికీకి ఎదురుగానే ఉన్నాడు.

"ఈ ఇల్లు నాన్న నాకెందుకిచ్చారు బాబాయ్?"

ముసలాయన చెరువు వైపు చూశాడు. జవాబు చెబితే చెరువుని ఎవరూ ముట్టుకోకుండా ఉండాలనే అని చెప్పాల్సి వచ్చేది. బుల్లమ్మ వద్దంటుందని, చివరిదాకా వద్దనే అంటుందని ఆ తండ్రికి తెలుసు.

పొద్దున పదింటికి లాయరు వచ్చాడు. అన్నయ్య కుర్చీ లాగాడు, వదిన కాఫీ తెచ్చింది. మళ్లీ అదే మాట వినాలి కదా అన్నట్టున్నాయి మొహాలు. బుల్లమ్మ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివింది. కళ్లజోడు సర్దుకుంది.

"సంతకం పెడతాను," అంది.

అన్నయ్య కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. వదిన ఆయన మొహం చూసింది.

"ఒక మాట మాత్రం రాయండి. తూము ఎత్తే రోజు ముందుగా నాకు చెప్పాలి. నీళ్లన్నీ పోయేదాకా నేను గట్టు మీద ఉంటాను. ఎన్ని రోజులైనా సరే."

లాయరు కలం ఆపాడు. ఇలాంటి షరతు ఆయన సర్వీసులో రాయలేదు. కారణం ఏమని రాయమంటారని అడిగాడు. కారణం అక్కర్లేదంది.

అన్నయ్య నవ్వాడు. రాత్రంతా నిద్రలేని మనిషికి బరువు దిగిపోతే వచ్చే నవ్వు.

"ఎండిన చెరువులో ఏం చూస్తావే బుల్లమ్మా, బురద తప్ప?"

ఆమె కలం తీసుకుంది. పేరు రాసింది. కింద తేదీ కూడా వేసి, కలం మూత పెట్టి, కాగితం ఆయన వైపు జరిపింది.

"బురదే ఉంటే… బురదే చూస్తాను అన్నయ్యా."

ఆ గొంతులో ఆశ ఉందో, భయం ఉందో అక్కడున్న ముగ్గురికీ అంతు పట్టలేదు. చెరువులో ఏం కనిపించాలని ఆమె కోరుకుంటోందో — ఆ సాయంత్రం పట్నం బండి ఎక్కుతూ తోటమాలి చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా — ఆమె చెప్పలేదు.